అర లీటరు పెళ్ళి

నా బండి డీసీఎం కాదు. ముప్పై ఏళ్ళ పైనుంచీ చెప్తూనే ఉన్నాను, ఒక్కడూ వినడు. చిక్కడపల్లిలో నన్ను ఎరిగిన పిల్లలంతా "డీసీఎం తాతా" అనే పిలుస్తారు. 1980లలో జపాన్ వాళ్ళతో పొత్తు పెట్టుకుని మనదేశంలో చిన్న లారీలు చేసిన కంపెనీలు నాలుగు: డీసీఎం టొయోటా, స్వరాజ్ మాజ్డా, ఐషర్ మిత్సుబిషి, ఆల్విన్ నిస్సాన్. మొదటి మూడూ ఉత్తరప్రదేశ్, పంజాబ్, మధ్యప్రదేశ్‌లలో పుట్టినవి. నాలుగోది మన జహీరాబాదుది. నాది ఆ నాలుగోది. కానీ ఏ ముహూర్తాన జనం నోట పడిందో, తెలంగాణలో ఆ సైజు బండి ఏదైనా డీసీఎమ్మే. ఆ కంపెనీ చేతులు మారి, పేరు మారి ఎప్పుడో కాలగర్భంలో కలిసిపోయింది. పేరు మాత్రం చావలేదు. రేపు పేపరు తెరవండి, ఏదో ఒక జిల్లా పేజీలో "డీసీఎం బోల్తా" అని ఉంటుంది. బోల్తా కొట్టింది మాత్రం ఏ ఐషరో అయి ఉంటుంది.

ఆల్విన్ అంటే ఈ కాలం పిల్లలకు చెప్పాలి. 1942లో మొదలైన హైదరాబాద్ కంపెనీ. ఫ్రిజ్‌లు చేసింది, చేతి గడియారాలు చేసింది, ఆర్టీసీ బస్సులకు బాడీలు కట్టింది. ఒకప్పుడు మా ఇంట్లో వంటింటి ఫ్రిజ్ ఆల్విన్, నా చేతి వాచీ ఆల్విన్, గేటు బయట బండి ఆల్విన్. వాచీ ఆగిపోయింది. ఫ్రిజ్‌ని పాతసామాన్లవాడు తూకం వేసి పట్టుకుపోయాడు. బండి మాత్రం ఇవాళ పొద్దున కూడా రెండో సెల్ఫుకే అందుకుంది.

1987 మోడల్. 1991లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అప్పటికి నాకు చిక్కడపల్లి సందులో టెంట్ హౌస్ పెట్టి మూడేళ్ళు. షామియానాలు, కనాతులు, ఇనప మడత కుర్చీలు, గుండిగలు, గంగాళాలు అద్దెకిచ్చే వ్యాపారం. అంతవరకూ తోపుడు బండ్ల మీదా రిక్షాల మీదా తోలేవాళ్ళం. బండి వచ్చిన రోజు హమాలీలు నాకంటే ఎక్కువ మురిసిపోయారు.

మా రోజుల్లో బండిని చెవితో చూసేవాళ్ళు. నారాయణగూడ వెనక సందులో రేకుల షెడ్డు కింద ఒక ఉస్తాద్ ఉండేవాడు. నేను మలుపు తిరగకముందే, "సేట్, మూడో నాజిల్ కారుతోంది" అని అక్కణ్ణుంచే అరిచేవాడు. దించి చూస్తే మూడోదే. పొడుగాటి స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి, కొన ఇంజన్‌కి పెట్టి, డాక్టరు గుండె చూసినట్టు చూసేవాడు. పంపులో ఎయిర్ పడితే ఎలా తీయాలో, ఫ్యాన్ బెల్టు తెగితే దారిలో దేంతో నెట్టుకురావాలో, గ్రీజు ఎన్నాళ్ళకు కొట్టాలో నాకు నేర్పింది ఆయనే. బదులుగా ఆయన కూతురి పెళ్ళికి కుర్చీలూ గిన్నెలూ ఊరికే ఇచ్చాను. దాన్ని సర్వీస్ ప్యాకేజీ అంటారని అప్పుడు తెలీదు.

ఇప్పుడు మెకానిక్ దగ్గరికి పోతే ముందు లాప్‌టాప్ తెస్తాడు. వైరు ఎక్కడ గుచ్చాలా అని స్టీరింగ్ కింద వెతుకుతాడు. "దీనికి పోర్టే లేదేంది తాతా?" అంటాడు. ఉంటే గదా నాయనా! మొన్నటికి మొన్న క్లచ్ ప్లేటు కోసం రాణీగంజ్‌లో ఐదు షాపులు తిరిగాను. ఐదో షాపు కుర్రాడు బండి పేరు విని, "అది ఫ్రిజ్ కంపెనీ గదా?" అన్నాడు. సగం కరెక్టే కాబట్టి తిట్టలేకపోయాను. చివరికి పాత ప్లేటుకే కొత్త లైనింగు కొట్టించాను. కమాన్ల బుష్‌లు లేత్ మీద తిప్పించాను. కొనడానికి దొరకనివన్నీ చేయించుకుంటూ వస్తున్నాను. కాకపోతే చేసేవాళ్ళ వయసులు కూడితే భయమేస్తుంది.

ఉస్తాద్ పనితనం గురించి ఒక్కటి చెప్తే చాలు. 2000 ఆగస్టు 24న ఒక్క రోజులో ఇరవై నాలుగు సెంటీమీటర్ల వాన పడింది, గుర్తుందిగా? హుస్సేన్‌సాగర్ నాలా పొంగి దోమలగూడ, అశోక్ నగర్ మునిగాయి. ముందు రాత్రి దింపిన సామాను షెడ్డులో, బండి షెడ్డు ముందర. పొద్దున చూస్తే ఇంజన్ పైదాకా బురద నీళ్ళు, వాటి మీద నా కుర్చీల గుడ్డ కవర్లు తామరాకుల్లా తేలుతున్నాయి. నీళ్ళు తీశాక మావాడొకడు తొందరపడి సెల్ఫు కొట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. సిలిండర్లలో నీళ్ళుండగా తిప్పితే రాడ్లు వంగిపోతాయి. ఉస్తాద్ వచ్చి బండి చుట్టూ ఒక చుట్టు తిరిగాడు, బీడీ వెలిగించాడు, "దస్ దిన్" అన్నాడు. ఆయిలంతా దింపేశాడు. హెడ్ విప్పాడు. పంపు డీజిల్‌తో కడిగాడు. డైనమో, సెల్ఫు మోటారు విప్పి మిట్టమధ్యాహ్నం ఎండలో అప్పడాల్లా ఆరబెట్టాడు. పదో రోజు సాయంత్రం బండి మోగింది. ఇవాళ్టి బండి ఏదైనా అంత నీళ్ళలో ఒక రాత్రి నానితే ఇన్సూరెన్సువాడు వచ్చి ఫొటో తీసుకుపోతాడు, అంతే.

ఉస్తాద్ ఇప్పుడు లేడు. ఆ షెడ్డు ఉన్నచోట ఫొటోస్టాట్ సెంటర్ నడుస్తోంది. గ్రూప్ వన్ నోట్సు అట్టలేసి అమ్ముతారు.

సరే, డీజిల్ దగ్గరికొద్దాం. అందరూ ఏడ్చేది దాని గురించేగా.

నేను బండి కొన్నప్పుడు లీటరు ఐదు రూపాయల దరిదాపుల్లో ఉండేది. ధర పెరగాలంటే ఢిల్లీలో పెద్ద పంచాయితీ జరగాలి. పేపర్లో వచ్చేది, ధర్నాలయ్యేవి, ఒక్కోసారి పెంచింది కొంత తగ్గించేవాళ్ళు. 2013 జనవరి నుంచి నెలకు అర్ధరూపాయి చొప్పున, చెప్పీ చెప్పకుండా పెంచడం మొదలుపెట్టారు. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద ప్రభుత్వం పూర్తిగా చేతులెత్తేసింది. 2015లో మన రాష్ట్రం వ్యాట్‌ని 27 శాతం చేసింది. 2017 జూన్ 16 నుంచి రోజుకో ధర అన్నారు, పొద్దున ఆరింటికి మారుతుందన్నారు. రోజూ మారడమంటే దిగడం కూడా ఉంటుందనుకున్నాం, అమాయకులం. 2021లో నూరు దాటించారు. పన్ను కొంత తగ్గించి 2022 మే నెలలో రూ. 97.82 దగ్గర ఆపారు. ఆ తర్వాత ముడిచమురు దిగింది, ఎక్కింది, మళ్ళీ దిగింది. మన బంకులో అంకె మాత్రం దాదాపు రెండేళ్ళు మేకు కొట్టినట్టు ఉండిపోయింది. 2024 మార్చిలో, ఎన్నికల ముందర, రెండు రూపాయల చిల్లర తగ్గి రూ. 95.65 అయింది.

ఇవన్నీ నా పద్దు పుస్తకంలో ఉన్నాయి. లీటరు ఎంతకు పోయించానో మొదటి రోజు నుంచీ రాస్తున్నాను. మా రోజుల్లో అంతా సత్యకాలమని మాత్రం అననులెండి. బ్లాకులో నీలం కిరసనాయిలు కొని డీజిల్లో కలిపినవాళ్ళలో నేనూ ఉన్నాను. రెండు సీజన్లు కలిపాను. మిగిలిన డబ్బుకు రెట్టింపు పంపు రిపేరుకు పోయింది, పైగా ఉస్తాద్‌తో చీవాట్లు. ఇక పొగంటారా, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సిగ్నల్ పడి నేను కదిలితే వెనకున్న స్కూటరువాడు కనపడేవాడు కాదు. ఇప్పుడు ఏటేటా ఫిట్‌నెస్, పొల్యూషన్ సర్టిఫికెట్, గ్రీన్ ట్యాక్సు అంటుంటే సణుగుతూనే కడుతున్నాను. ఢిల్లీలోలాగా పదేళ్ళు నిండిన డీజిల్ బండిని రోడ్డెక్కనీయమనే రూలు ఇక్కడ లేకపోవడం నా అదృష్టం.

కానీ ఆ పద్దు పుస్తకాన్ని ఒకరాత్రి నిద్రపట్టక తిరగేస్తే నాకు వేరే సంగతి కనపడింది.

1992 మాఘమాసంలో ఒక పద్దు. అశోక్ నగర్‌లో పెళ్ళి. ఇంటి ముందు మామిడిచెట్టు, దాని నుంచి ఎదురింటి పిట్టగోడదాకా షామియానా. మా దుకాణం నుంచి ఆ ఇల్లు కిలోమీటరు. సామాను దింపి వచ్చాం, పెళ్ళయ్యాక పోయి ఎక్కించుకొచ్చాం. రెండు రాకపోకలు, నాలుగు కిలోమీటర్లు. నా బండి లీటరుకు ఎనిమిదిస్తుంది. అంటే అర లీటరు, రెండున్నర రూపాయలు.

మొన్న మాఘంలో ఇంకో పద్దు. అదే కుటుంబం, ఆనాటి పెళ్ళికొడుకు గారి కూతురి పెళ్ళి. మేడ్చల్ వైపు ఫంక్షన్ హాలు, ముప్పై కిలోమీటర్లు. కుర్చీలు హాలువాళ్ళవే, సెంటిమెంటు కొద్దీ నా గుండిగలు, గంగాళాలు అడిగారు. రెండు రాకపోకలకు నూట ఇరవై కిలోమీటర్లు. పదిహేను లీటర్లు. పద్నాలుగు వందల ముప్పై అయిదు రూపాయలు.

ఇప్పుడు లెక్క తిరగేయండి. డీజిల్ ఇవాళ కూడా ఐదు రూపాయలే అనుకోండి, మేడ్చల్ పోయిరావడానికి డెబ్బై అయిదవుతుంది. పోనీ డీజిల్ రూ. 95.65 దగ్గరే ఉండనీయండి, పెళ్ళి మాత్రం మామిడిచెట్టు కిందే చేయండి. అర లీటరుకు నలభై ఎనిమిది రూపాయలు! ధర పందొమ్మిది రెట్లు పెరిగితే దూరం ముప్పై రెట్లు పెరిగింది. నన్ను ముంచింది దూరం. ముప్పై ఏళ్ళు బంకువాణ్ణి తిట్టాను, పాపం.

ఆ దూరాన్ని ఎవరు పెంచారంటే ఎవరి పేరూ చెప్పలేను. మామిడిచెట్టున్న ఇల్లు ఇప్పుడు ఐదంతస్తుల హాస్టలు. వాకిలి ఉన్నచోట నలభై చెప్పుల జతలు. సివిల్స్‌కీ గ్రూప్స్‌కీ చదివే పిల్లలు, ఆదిలాబాద్ నుంచీ పాలమూరు నుంచీ వచ్చినవాళ్ళు. మంచి పిల్లలే, నాకేం గొడవలేదు. కానీ వాళ్ళ ఊళ్ళలో పెళ్ళిళ్ళవుతాయి గానీ అశోక్ నగర్‌లో కావు గదా. నా షెడ్డు స్థలం ఓనరు బిల్డరుకిచ్చాడు. సామాను చర్లపల్లి వైపు గోదాములో పెట్టుకున్నాను. అంటే ఇప్పుడు చిక్కడపల్లిలో కిరాయి దొరికినా, చర్లపల్లి పోయి సామాను తెచ్చి చిక్కడపల్లిలో దింపాలి. వీధిలో గుంజ పాతితే పక్క అపార్టుమెంటు సెక్రటరీ కార్లు ఎలా తీయాలంటాడు. వినాయకచవితి పందిళ్ళు, బోనాలు, త్యాగరాయ గానసభలో అడపాదడపా సన్మానాలకు శాలువా బల్లలు. ఊళ్ళో మిగిలినవి ఇవే.

ఒకప్పుడు సినిమా కటౌట్లు కూడా ఉండేవి. సంధ్య, దేవి, సుదర్శన్ థియేటర్లకు హీరోలని నేనే మోశాను, వాళ్ళ కాళ్ళు తొట్టి బయటికి వేలాడేసుకుని. ఇప్పుడు ఫ్లెక్సీ చుట్టచుట్టి స్కూటీ మీద తెస్తారు. హీరోకి బరువు తగ్గింది.

2023 ఆగస్టులో ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా స్టీలు వంతెన తెరిచారు. నేను సణుగుతానని మా ఇంట్లో ఎదురుచూశారు గానీ, సణగలేదు. ఆ రెండు కిలోమీటర్ల చిల్లర ఒకప్పుడు ఫస్ట్ గేరులో ముప్పావుగంట. ఇంజన్ మోగుతూనే ఉండేది, బండి కదిలేది కాదు, డీజిల్ కరిగిపోయేది. ఇప్పుడు ఐదు నిమిషాలు. కాకపోతే నా దుకాణం వంతెన కింద ఉంది. ఎక్కాలంటే ముందు ఆ కొసకో ఈ కొసకో పోవాలి. దూరాలకు పోయేవాడికే గదా వంతెన!

మనవడు ఎలక్ట్రిక్ ట్రాలీ కొనమంటున్నాడు. "గీ డబ్బాను ఇంక ఎన్ని రోజులు నడుపుతవ్ తాతా, తుక్కు కింద ఇచ్చెయ్యి" అంటాడు. ఒకసారి చార్జి చేస్తే ఎంత దూరం పోతుందో గడగడా చెప్తాడు. చూశారా, వాడూ దూరం గురించే చెప్తున్నాడు. హాస్టలు పిల్లలు గది మారాలంటే యాప్ నొక్కుతారు, పది నిమిషాల్లో చిన్న ట్రాలీ వస్తుంది. ఒక మంచం, ఒక పరుపు, నాలుగు అట్టపెట్టెల పుస్తకాలు. నేను ఎదురుగా అరుగు మీద కూర్చుని ఉండగానే.

వచ్చే మాఘంలో చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్‌లలో ఎవరైనా ఇంటి ముందే పెళ్ళి చేసే ఉద్దేశం ఉంటే నాకు కబురు పెట్టండి. రెండు వందల కుర్చీలు, షామియానా, వంట సామాను నావి. అపార్టుమెంటు సెక్రటరీతో నేనే మాట్లాడతాను. చర్లపల్లి నుంచి ముందు రోజే తెచ్చి పెట్టుకుంటాను, ఆ డీజిల్ ఖర్చు నాది. మీరు అర లీటరుకు ఇస్తే చాలు.