కూరగాయల సర్వేకు వెళ్లేవారు వినకూడని సలహాలు

"ఆరోగ్యానికి మంచిదా కాదా అని అడుగు. ఐదు గళ్లలో ఒకదాంట్లో టిక్కు పెట్టించు. పక్కింటికి వెళ్లు." హోంసైన్సు చదివే అమ్మాయిలకు, స్వచ్ఛంద సంస్థల్లో కొత్తగా చేరిన కుర్రవాళ్లకు సర్వే కాగితాలు చేతికిస్తూ పెద్దవాళ్లు చెప్పే మాట ఇది. జనం పళ్లూ కూరగాయలూ ఎందుకు తింటున్నారో, ఎందుకు మానేస్తున్నారో తెలుసుకోవడానికి బయల్దేరిన వాళ్లకు ఇంతకంటే చేటు చేసే సలహా ఉండదు. ఇలాంటివి ఇంకా ఉన్నాయి. అన్నీ మంచి ఉద్దేశంతో చెప్పేవే, పని త్వరగా తెమలాలని చెప్పేవే. కానీ ఆ కాగితాల్లో తేలిన అంకెలే రేపు "జనానికి అవగాహన లేదు" అన్న తీర్పుగా మారతాయి. ఆ తీర్పు పట్టుకుని గోడల మీద నినాదాలు రాయిస్తారు. వారానికోసారి తప్ప కూరగాయల బండి రాని ఊళ్లోనూ అవే నినాదాలు. అందుకే ఈ సలహాలను తిరగేసి చూడాలంటున్నాను.

మొదటి సలహానే తీసుకుందాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ బంగాళదుంపల్లాంటి పిండి దుంపలను లెక్కలోకి తీసుకోకుండా రోజుకు కనీసం 400 గ్రాముల పళ్లూ కూరగాయలూ తినమంటోంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పళ్లు అని చెప్పింది. ఈ లెక్కలు తెలియని ఇల్లాలికి కూడా ఆకుకూర మంచిదని తెలుసు. అమ్మ చెప్పింది, అంగన్‌వాడీ టీచరు చెప్పింది, టీవీ చెప్పింది. "మంచిదేనా అమ్మా?" అని అడిగితే ఏ ఇంట్లోనైనా "మంచిదేనండి" అంటారు. రోజూ తినేవాళ్లూ, నెలకోసారి తినేవాళ్లూ ఒకే జవాబు చెప్పే ప్రశ్న కాగితం మీద ఉండి ఏం లాభం?

పైగా గుమ్మంలో నిలబడ్డ మనిషిని బట్టి జవాబు మారుతుంది. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో కాగితాల కట్టతో ఎండలో వచ్చిన వాళ్లకు నచ్చే మాట చెప్పి, మంచినీళ్లిచ్చి పంపడం మన మర్యాద. కొన్ని ఇళ్లలో దానికి తోడు భయం కూడా ఉంటుంది: పళ్లు రోజూ కొంటామంటే రేషన్ కార్డు తీసేస్తారేమోనని. మెప్పు కోసం మనుషులు జవాబును ఎంతగా దిద్దుకుంటారో అంచనా వేయడానికే క్రౌన్, మార్లో అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 1960లో 33 వాక్యాల కొలమానం తయారుచేశారు. మీరు అంత దూరం వెళ్లనక్కర్లేదు. "మంచిదా" అనడం మానేసి "నిన్న పొద్దున్నుంచి రాత్రి దాకా ఏమేం వండారమ్మా" అని మొదలుపెట్టండి చాలు.

మనిషి అభిప్రాయం తెలిస్తే ఆ మనిషి ఏం చేస్తాడో తెలిసినట్టేనన్న నమ్మకం ఈ సలహా అడుగున ఉంది. ఆ నమ్మకానికి తొంభై ఏళ్ల కిందటే దెబ్బ తగిలింది. అమెరికాలో చైనీయులంటే వ్యతిరేకత బాహాటంగా ఉన్న రోజుల్లో రిచర్డ్ లాపియర్ అనే సామాజిక శాస్త్రవేత్త ఒక చైనీయ యువ దంపతులతో కలిసి ఆ దేశమంతా తిరిగాడు. బస కోసం, భోజనం కోసం 251 చోట్ల ఆగితే కాదన్నది ఒక్కచోటే. తర్వాత ఆ యజమానులకే ఉత్తరాలు రాసి, చైనీయులను రానిస్తారా అని అడిగాడు. జవాబిచ్చిన వారిలో నూటికి తొంభై మందికి పైగా రానివ్వమన్నారు. 1934లో ఇది అచ్చయింది. అక్కడ మాట కటువు, చేత మెత్తన. కూరగాయల దగ్గర మాట గొప్పగా ఉండి చేత వెనకబడుతుంది. ఎవరూ అబద్ధమాడటం లేదు. ఉత్తరం అడిగింది ఒకటి, గుమ్మంలోకి వచ్చిన మనుషులు అడిగింది వేరొకటి.

ఈ తేడా ఎక్కడ పుడుతుందో 1977లో ఐజెక్ ఐజెన్, మార్టిన్ ఫిష్‌బైన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విడమర్చి చెప్పారు. ఏ పని, దేనితో, ఎక్కడ, ఎప్పుడు అన్న నాలుగూ వైఖరి ప్రశ్నలోనూ చేత ప్రశ్నలోనూ ఒకేలా ఉండాలి. మన ఇళ్లలో ఇది ఎంత నిజమో చూడండి. ఆకుకూరలంటే ఇష్టమేనన్న పెద్దావిడే రాత్రిపూట ఆకుకూర ముట్టదు, తినకూడదని ఆమె నమ్మకం. "ఆకుకూర ఇష్టమా" అన్న ప్రశ్నకు ఆమె జవాబు అవును. "రాత్రి భోజనంలోకి వండుతారా" అంటే కాదు. రెండో ప్రశ్న అడగని సర్వే ఆమెను ఆకుకూరల అభిమానిగా రాసుకుని వెళ్లిపోతుంది. ఐజెన్ ఆ తర్వాత తన సిద్ధాంతంలో ఇంకో అంశం చేర్చాడు. అనుకున్న పని మన చేతుల్లో ఉందా లేదా అన్నది. నన్నడిగితే తెలుగు నేల మీద చేసే సర్వేలకు అదే ఆయువుపట్టు.

అందుకే "ఇంటి పెద్దను అడిగితే చాలు" అన్న సలహా వినకండి. కూరగాయలు తెచ్చేది ఒకరు, ఏం వండాలో చెప్పేది మరొకరు, వండేది ఇంకొకరు. అందరికీ వడ్డించాక గిన్నె అడుగున మిగిలిన దాంతో సరిపెట్టుకునేది చాలా ఇళ్లలో ఆ వండిన మనిషే. అత్తగారికి పడదని మూడు రోజులు వంకాయ వండని కోడలికి వంకాయంటే ప్రాణం కావచ్చు. ఆమె "ప్రేరణ" కొలిచి ఏం చేస్తారు? తిన్న మనిషిని, వండిన మనిషిని, సంచి పట్టుకెళ్లిన మనిషిని విడివిడిగా అడగండి. ఒకరి ముందు ఒకరిని అడగకండి. హాస్టల్లో, బడిలో తినే పిల్లల సంగతీ అంతే. బడిలో మధ్యాహ్న భోజన పథకం కింద చిన్న తరగతుల పిల్లలకు రోజుకు 50 గ్రాములు, పై తరగతుల వాళ్లకు 75 గ్రాముల కూరగాయలు పెట్టాలని లెక్క. ఏ కూర అన్నది వాళ్ల చేతుల్లో లేదు. పిల్లల్ని వడ్డించిన దాన్ని ఎందుకు వదిలేశావని అడగొచ్చు గానీ, కూరగాయలు తినాలన్న పట్టుదల ఎంతుందని అడగడం అన్యాయం.

"ఒక్క నిన్నటి సంగతి అడిగితే ఏం తెలుస్తుంది, మామూలుగా ఏం తింటారో అడుగు" అన్నది ఇంకో సలహా. మామూలుగా అనగానే జవాబు జ్ఞాపకంలోంచి రాదు, కోరికలోంచి వస్తుంది. జాతీయ పోషకాహార సంస్థ కేంద్రంగా 1972లో మొదలైన జాతీయ పోషకాహార పర్యవేక్షణ బ్యూరో వాళ్లు ఇంటింటికీ పన్నెండు కొలత గిన్నెలు తీసుకెళ్లేవారు. నిన్న ఎంత కూరగాయ తరిగారు, వండాక ఎంత అయింది, ఎవరికి ఏ గిన్నెతో ఎంత పెట్టారు అని అడిగి రాసుకునేవారు. దేశంలో తిండిని కొలిచిన పద్ధతుల్లో నాకు దీని మీదే గౌరవం ఎక్కువ, ఎందుకంటే అది ఇల్లాలి చేత పరీక్ష రాయించదు, ఆమె వంటను ఆమెతోనే చెప్పిస్తుంది. ఒక్కరోజుతో ఒక మనిషి అలవాటు తేలదన్న మాట నిజమే. దానికి మందు ఇంకోరోజు వెళ్లడం. సంత మర్నాడు కంచంలో ఉన్నది సంతకు ముందురోజు ఉండదు. మే నెలలో మామిడిపళ్ల మధ్య అడిగితే మనవాళ్లంత పళ్ల ప్రియులు లేరనిపిస్తుంది. కార్తీకంలో లెక్క వేరు. కాగితం పైన తేదీతో పాటు ఆ ఊరి సంత ఏ వారమో కూడా రాసుకోండి.

ఇక "రోజుకు ఎన్ని సర్వింగులు తింటారో లెక్కపెట్టు" అన్న సలహా. అంతర్జాతీయ సర్వేల్లో ఇది మామూలు ప్రశ్న, 80 గ్రాములు ఒక సర్వింగు, ఐదు కలిస్తే 400. ఉడికించిన కూరగాయ కంచంలో ఒక పక్కన విడిగా ఉండే దేశాలకు అది సరిపోతుంది. మన కంచంలో తోటకూర పప్పులో ఉంది, సొరకాయ పులుసులో ఉంది, టమాటా చారులో కరిగిపోయింది, గోంగూర రోట్లో పచ్చడైంది. "ఇవాళ కూరేంటమ్మా" అంటే ఆమె చెప్పేది పక్కనున్న బంగాళదుంప వేపుడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో లేనిది అదొక్కటే! ఇలా లెక్కపెట్టిన సర్వే ఆమె తిన్న కూరగాయల్ని జారవిడిచి, లెక్కలోకి రాని దాన్ని పట్టుకొస్తుంది. పప్పులో ఏం వేశారు, పులుసులో ఏం వేశారు, పచ్చడి దేంతో నూరారు అని గిన్నె గిన్నెకూ అడగక తప్పదు. ఆవకాయ సంగతేమిటంటారా? దాన్ని రాసుకోండి గానీ కూరగాయల్లో కలపకండి. అందులో ఉప్పూ నూనే ఎక్కువ, ఒక ముద్దకు నంజుకునేది కొంచెమే.

"ప్రశ్నావళి కొత్తగా రాయడమెందుకు, పేరున్నది తెచ్చి తెలుగులో పెట్టుకుంటే పోలా" అన్న సలహా దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. స్టెప్టో, పొలార్డ్, వార్డుల్ అనే ముగ్గురు పరిశోధకులు లండన్‌లో తయారుచేసి 1995లో ప్రచురించిన ప్రశ్నావళి ఎన్నో దేశాల్లో వాడుకలో ఉంది. మనిషి తిండిని ఎంచుకోవడానికి వెనకున్న కారణాలను అది 36 ప్రశ్నలతో తొమ్మిది గుంపులుగా కొలుస్తుంది: ఆరోగ్యం, మనసు తీరు, వెసులుబాటు, రుచీ వాసనా, సహజత్వం, ధర, బరువు, అలవాటు, నైతికత. చక్కటి పని, వాళ్ల ఊరి మనుషులతో మాట్లాడి కట్టిన పని. కానీ మన వంటింట్లో తిండిని శాసించే పెద్ద కారణం ఆ తొమ్మిదిలో లేదు: ఏది ఒంటికి పడుతుంది, ఏది పడదు అన్న నమ్మకం. బొప్పాయి వేడి చేస్తుంది, కడుపుతో ఉన్న పిల్లకు పెట్టకూడదు. బీరకాయ, సొరకాయ చలవ. అరటిపండూ సీతాఫలమూ జలుబు చేస్తాయి. బంగాళదుంప వాతం. గాయం మానే దాకా వంకాయ వద్దు. బాలింతకు పత్యం, అందులో సగం కూరగాయలు బంద్. షుగరున్నవాళ్లను పళ్ల జోలికి వెళ్లొద్దంటారు. ఇవన్నీ ఆరోగ్యం గురించిన ఆలోచనలే, అందుకే చిక్కు. "ఆరోగ్యానికి చాలా ప్రాధాన్యమిస్తాను" అన్న గడిలో టిక్కు పెట్టిన అమ్మే, ఆ ఆరోగ్యం కోసమే బిడ్డకు జ్వరమొచ్చినప్పుడు పండు ఆపేస్తుంది. ఆమెకు శ్రద్ధ లేదని రాస్తారా? శ్రద్ధ ఉంది గనుకే ఆపింది. వేడి, చలవ, వాతం, పత్యం అన్న మాటలు ఒక్కటీ లేని ప్రశ్నావళితో తెలుగు ఇళ్లలో వైఖరులు కొలిచామని చెప్పుకోవడం నాకు మింగుడుపడదు.

టిక్కు పెట్టే గళ్లూ అంతే. రెన్సిస్ లైకర్ట్ 1932లో పరిచయం చేసిన పద్ధతి అది. "గట్టిగా అంగీకరిస్తాను" నుంచి "గట్టిగా వ్యతిరేకిస్తాను" దాకా ఐదు మెట్లు. కాలేజీ పిల్లలకు పరవాలేదు. పొలం నుంచి అప్పుడే వచ్చిన మనిషికి ఏ వాక్యం చదివి వినిపించినా "అంతే కదండీ మరి" అంటుంది. దాన్ని అంగీకారంగా రాసుకోకండి. రెండు వస్తువులు ముందు పెట్టి ఏది కావాలో ఎంచుకోమనండి. వంద రూపాయలిచ్చి సంతకు పంపితే ముందేం కొంటారు, ఇరవై మిగిలితే ఏం కొంటారు అని అడగండి. "డబ్బు సంగతి ఎత్తకు, నొచ్చుకుంటారు" అని చెప్పేవాళ్లుంటారు. ఎవరూ నొచ్చుకోరు. జీతం అడిగితే ఇబ్బంది పడతారేమో గానీ టమాటా ధర గురించి అడిగితే ఆపకుండా చెబుతారు. 2023 జులైలో టమాటా కిలో వంద దాటినప్పుడు చారు చింతపండుకు మళ్లింది. అప్పుడు మారింది వైఖరి కాదు.

కొన్నవే కూరగాయలని అనుకోవడం కూడా పొరపాటే. జహీరాబాదు వైపు చేలగట్ల మీద, చేల మధ్య విత్తకుండా మొలిచే ఆకుకూరలు ఆడవాళ్లకు బాగా తెలుసు. పాస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు వీటి గురించి ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు. పొన్నగంటి, చెంచలి, గలిజేరు, తుమ్మి. "వారానికి ఆకుకూరలకు ఎంత ఖర్చుపెడతారు" అన్న ప్రశ్నకు అక్కడి ఇల్లాలి జవాబు సున్నా. కొంగులో కోసుకొచ్చింది ఆ ప్రశ్నకు అందదు. ఆమె తనంతట తను చెప్పదు కూడా, పేదల తిండని నవ్వుతారేమోనని. మీరే పేరుపెట్టి అడగాలి.

ఈమధ్య కొత్త సలహా ఒకటి వినిపిస్తోంది: మనుషుల్ని అడగడమెందుకు, యంత్రంతో చూస్తే సరి అని. వేలి మీద కాంతి వేసి చర్మంలో కెరొటినాయిడ్లు, అంటే పళ్లూ కూరగాయల నుంచి ఒంట్లో చేరే రంగు పదార్థాలు, ఎంత ఉన్నాయో చెప్పే పరికరాలు వచ్చాయి. వాడండి, మాటకు తోడుగా ఉంటుంది. అది ఒంట్లోకి ఏం చేరిందో చెబుతుంది. చేరనిది ఎందుకు చేరలేదో చెప్పదు.

చివరగా "ఇతరాలు" గడి. "గళ్లలో ఇమడని జవాబులన్నీ ఇతరాల్లో వేసెయ్, తర్వాత లెక్కలోంచి తీసేద్దాం" అంటారు. తీసెయ్యకండి. అసలు సర్వేకు ముందు ఓ పది ఇళ్లలో కాగితాన్ని సరిచూసుకునే రోజుల్లో, ప్రతి సాయంత్రం అందరూ కూర్చుని ఆ గడిలో రాసినవి పైకి చదవండి. చెప్పిన మాటను చెప్పినట్టే రాసి ఉండాలి, దిద్ది కాదు. ఒకే మాట మూడిళ్లలో వినబడితే మర్నాటి కాగితంలో దానికి సొంత గడి ఇవ్వండి. ఇంకా ఇతరాలు నిండుతూనే ఉంటే, ఆ కాగితంతో అసలు సర్వే మొదలుపెట్టకండి.