మే నెలలో వస్తారట!

మా రోజుల్లో స్నేహితుడు ఊరు వదిలి వెళ్తే వెళ్ళినట్టే. ఇప్పుడు ఎవడూ ఎక్కడికీ పోడు. అమెరికాలో కూర్చుని పొద్దున్నే గులాబీ బొమ్మ మీద ‘శుభోదయం’ పంపిస్తూనే ఉంటాడు. అరవయ్యేళ్ళ తర్వాత మా మిషన్ కాంపౌండు పిల్లలంతా వాట్సాప్‌లో పోగయ్యారు. పోగై ఏం చేస్తున్నారయ్యా అంటే, మోకాళ్ళ నొప్పులకి మందులు చెప్పుకుంటున్నారు.

కాంపౌండంటే గుంటూరు లూథరన్ మిషన్‌ది. 1842లో ఫాదర్ హయ్యర్ వచ్చి మొదలుపెట్టిన మిషన్. మా నాన్న అక్కడి బళ్ళో తెలుగు పంతులు. దొరల పిల్లలు ఆయాల చంకల్లో పెరిగారు. వాళ్ళకి ఇంగ్లీషు కన్నా ముందు తెలుగొచ్చింది, అదీ వంటింటి వెనకాల మాట్లాడే తెలుగు. గోలీలాటలో ఓడి వాళ్ళు తిట్టే తిట్లకి మా అమ్మ చెవులు మూసుకునేది. నా మనవడు ఇదే గుంటూరులో పుట్టి, ఆకలేస్తే ఇంగ్లీషులో చెబుతాడు.

ఆరేడేళ్ళు రాగానే వాళ్ళని కొడైకెనాల్ పంపేసేవారు. మిషనరీల పిల్లల కోసం 1901లో పెట్టిన బడి, అప్పట్లో హైక్లర్క్ అనేవారు. మద్రాసు సెంట్రల్‌లో దిగి, ఎగ్మోరుకి మారి, మీటర్ గేజి రైల్లో రాత్రంతా కూర్చుని, కొడై రోడ్డులో దిగాక ఘాట్ మీద బస్సు. ఆ మలుపుల్లో వాంతి చేసుకోనివాడు లేడట. వేసవిలో తల్లిదండ్రులూ కొండెక్కి కొన్ని వారాలు దగ్గరుండేవారు. మిగతాదంతా హాస్టలే. ఒకసారి శీతాకాలం సెలవులకి దిగివచ్చిన మావాడు, అదే నాతో గోలీలాడిన దొరల పిల్లాడు, కొత్తవాళ్ళకి ఇచ్చినట్టు కన్నతల్లికి షేక్‌హ్యాండిచ్చాడు. దొరసాని నవ్వేసి లోపలికి వెళ్ళిపోయింది. ఇప్పుడు ఎల్‌కేజీ వాడు బస్సెక్కితే తల్లి ఫోన్లో ఆ బస్సు చుక్క కదలడం చూస్తూ కూర్చుంటుంది. అది అతి అంటాను నేను. అయితే ఆరేళ్ళవాణ్ణి అంత దూరం తోలేసింది మాత్రం ఏం భక్తో! మా రోజులని అన్నిటినీ వెనకేసుకు రాలేను.

నాబోటి పంతులు కొడుకు ఆ బడి గేటు కూడా చూడలేదు. ఇప్పుడక్కడ చదివేది ఎక్కువగా మన దేశపు పిల్లలే. ఫీజెంతో కనుక్కున్నాను. పంతుళ్ళ కొడుకులకి ఆ గేటు ఇప్పుడూ దూరమే.

మావాడి కుటుంబం ఏడాది సెలవు మీద అమెరికా వెళ్ళి మళ్ళీ రాలేదు. కొన్నాళ్ళు నీలం ఏరోగ్రాములు నడిచాయి. స్టాంపు ఖర్చు చూసి నాన్న గొణిగేవాడు. తర్వాత అవీ ఆగిపోయాయి. అక్కడి బళ్ళో వాడికి బేస్‌బాల్ రాదు, అక్కడి పాటలు తెలీవు. మొహం చూస్తే వాళ్ళవాడే, నోరు తెరిస్తే పరాయివాడు. అందుకే కొడైలో చదివినవాళ్ళంతా ముసలితనంలో ఒకళ్ళనొకళ్ళు వెతుక్కుంటారు. వాళ్ళ పెళ్ళాలకీ మొగుళ్ళకీ ఆ గోల అంతుబట్టదు.

మొన్న వీడియోలో బట్టతల ముసలాయన కనబడి, “ఒరేయ్, నా గోలీలు ఎగ్గొట్టావు” అన్నాడు. తెలుగు అచ్చం అలాగే ఉంది, కానీ పన్నెండేళ్ళ దగ్గరే ఆగిపోయింది. గాలిపటం గురించైతే గడగడా మాట్లాడతాడు. గుండె ఆపరేషనూ, కూతురి విడాకులూ చెప్పాల్సి వస్తే ఇంగ్లీషులోకి జారిపోతాడు. డెబ్బై దాటిన మనిషిని చిన్నపిల్లాడి భాషలో ఓదార్చడం ఎంత కష్టమో పడ్డవాడికి తెలుస్తుంది.

గుంటూరు మీద బెంగగా ఉందంటారు అందరూ. నేను గుంటూరులోనే ఉన్నాను, నాకూ బెంగగానే ఉంది. బ్రాడీపేటలో రోడ్డు దాటాలంటే మనవడు చెయ్యి పట్టుకోవాలి.

ఇప్పుడు నలుగురు కలిసి వస్తారట. ఎప్పుడంటే మేలో! పాపం, చిన్నప్పుడు ప్రతి మే నెలా కొండ మీద చలికోట్లేసుకుని తిరిగినవాళ్ళు. రోహిణి కార్తెలో గుంటూరు ఎలా ఉంటుందో వాళ్ళకేం తెలుసు? రోళ్ళు పగులుతాయర్రా, జనవరిలో రండి అని రాశాను. నీలం టిక్కులు రెండూ పడ్డాయి, జవాబు లేదు. టిక్కెట్లు కొనేసి ఉంటారు.