పాటకు పదకొండు మంది తండ్రులు

'అప్‌టౌన్ ఫంక్' అనే పాట 2014 చివర్లో విడుదలైంది. అప్పుడు రచయితలుగా ఆరుగురి పేర్లున్నాయి. మరుసటి ఏడాదికి 11 మంది అయ్యారు. పాటలో ఒక్క అక్షరం పెరగలేదు, ఒక్క స్వరం మారలేదు, తండ్రులు మాత్రం ఐదుగురు పెరిగారు. ఆ ఐదుగురూ గ్యాప్ బ్యాండ్ అనే పాత బృందం తాలూకు మనుషులు. 1979 నాటి తమ పాట పోలికలు ఈ పిల్లాడిలో ఉన్నాయన్నారు. కోర్టు మెట్లెక్కకుండానే పేర్లు చేరాయి, వాటాలు పడ్డాయి. మంది ఎక్కువైతే మజ్జిగ పల్చన అంటారు గానీ, ఇక్కడ మజ్జిగ చిక్కగానే ఉంది, గ్లాసులే చిన్నవయ్యాయి.

పదకొండు మంది కూర్చుని ఒక్క పాట ఎలా రాస్తారయ్యా అని పాత బంగారం బాబాయిలు అడుగుతారు. వాళ్ల లెక్కలో పాటంటే ఒక కవి, ఒక సంగీత దర్శకుడు, మధ్యలో హార్మోనియం, అప్పుడప్పుడూ కాఫీ. ఇప్పటి అమెరికా, స్వీడన్ పద్ధతి వేరు. ముందు ఒకాయన ల్యాప్‌టాప్‌లో 'ట్రాక్' తయారుచేస్తాడు. డ్రమ్స్, బేస్, నాలుగు కార్డులు (కలిసి మోగే స్వరాలు), మళ్లీ అవే నాలుగు కార్డులు. దాన్ని 'టాప్‌లైనర్' అనే మనిషికి పంపిస్తారు. ఆవిడ ట్రాక్ వింటూ, మైకు ముందు అర్థం లేని శబ్దాలతో కూనిరాగం తీస్తుంది. ఆ గొణుగుడులో చెవికి తగులుకునే ముక్క ఒకటి దొరికితే అది 'హుక్'. మాటలు ఆ తర్వాత వస్తాయి, వీలుంటే అర్థంతో సహా. ఒకే ట్రాక్‌ని నలుగురైదుగురికి పంపి, వచ్చినవాటిలో నచ్చింది ఉంచుకోవడమూ మామూలే. అదొక స్వయంవరం, ఓడినవాళ్లకి భోజనం కూడా ఉండదు.

పేరున్న గాయని ఆల్బమ్ అయితే 'రైటింగ్ క్యాంప్' పెడతారు. స్టూడియోలు అద్దెకు తీసుకుని, ఒక్కో గదిలో ఒక ట్రాక్ మనిషిని, ఇద్దరు టాప్‌లైనర్లని కూర్చోబెట్టి తలుపు మూస్తారు. మధ్యాహ్నానికి ఒక విరహం, సాయంత్రానికి ఒక తిరుగుబాటు బయటికి రావాలి. విరహం ఎవరిదో ఆ అమ్మాయి అక్కడ ఉండాలన్న నియమం ఏమీ లేదు.

నవ్వబోయే ముందు మనం కొంచెం ఆగాలి. అర్థం లేని శబ్దాలకి అర్థం తొడిగే పని తెలుగు సినిమా కవులు దశాబ్దాలుగా చేస్తున్నారు. సంగీత దర్శకుడు 'తానన తాననా' అని బాణీ చేతిలో పెడితే, దాని కొలతకి మాటలు కత్తిరించుకోవాలి. కాకపోతే మన దగ్గర ఆ కష్టం ఒక్కరిదే. 'నాటు నాటు' 90 శాతం సగం రోజులో రాసేశానని, మిగిలిన 10 శాతానికి 19 నెలలు పట్టిందని చంద్రబోస్ గారే చెప్పారు. లాస్ ఏంజలెస్ వాళ్లకి అప్పగిస్తే ఆ 10 శాతం మధ్యాహ్న భోజనాల వేళకి ముగించేవారు. అయితే 2023లో ఆస్కార్ అందుకోవడానికి ఇద్దరు కాకుండా ఒక బస్సు వెళ్లాల్సి వచ్చేది.

ఈ పాటల ఫ్యాక్టరీకి శంకుస్థాపన స్టాక్‌హోమ్‌లో జరిగింది. డెనిజ్ పాప్ అని ఒక డీజే ఉండేవాడు. 1990ల మొదట్లో ఏస్ ఆఫ్ బేస్ అనే ఊరూపేరూ లేని బృందం ఆయనకి ఒక క్యాసెట్ పంపింది. కారులో వేసుకుని విన్నాడు, నచ్చలేదు. తీద్దామంటే ప్లేయర్లో ఇరుక్కుపోయింది. కారెక్కితే చాలు, అదే పాట. వినగా వినగా దాన్ని ఎలా బాగుచేయాలో తట్టింది. అలా తయారైన 'ఆల్ దట్ షీ వాంట్స్' దేశదేశాల్లో మోగింది. నచ్చింది కాబట్టి మళ్లీ మళ్లీ వింటున్నామని మనం అనుకుంటాం. మళ్లీ మళ్లీ వినిపించారు కాబట్టి నచ్చిందని ఆ క్యాసెట్ తేల్చింది. ఇప్పుడు ఆ ఇరుక్కున్న క్యాసెట్ పేరు రీల్స్. పెళ్లి ఊరేగింపు డీజేలు ఈ సిద్ధాంతాన్ని స్వతంత్రంగా కనిపెట్టారు, వాళ్లకి స్వీడన్ సాయం అక్కర్లేకపోయింది.

డెనిజ్ పాప్ దగ్గర పని నేర్చుకున్నవాడు మాక్స్ మార్టిన్. టీఎల్‌సీ బృందం వద్దన్న ఒక పాటని 1998లో బ్రిట్నీ స్పియర్స్ అనే పదహారేళ్ల పిల్ల చేత పాడించాడు, తర్వాతి కథ అందరికీ తెలుసు. బిల్‌బోర్డ్ పట్టికలో ఆయన చెయ్యి పడిన నంబర్ వన్ పాటలు పాతిక దాటాయి. రచయితల్లో ఆయన కంటే పైనున్నది బీటిల్స్ పాల్ మెకార్ట్నీ ఒక్కడే. ఆయన పద్ధతికి 'మెలొడిక్ మ్యాథ్' అని పేరు. మొదటి పాదంలో ఎన్ని అక్షరాలుంటే జత పాదంలోనూ అన్నే పడాలి. అర్థం అడ్డొస్తే అర్థాన్నే పక్కకి జరగమంటారు. 2014లో 'బ్రేక్ ఫ్రీ' పాట దగ్గర అరియానా గ్రాండే, ఇందులో వ్యాకరణం తప్పుంది బాబూ అని పోట్లాడింది. చివరికి తప్పుతోనే పాడింది, పాట హిట్టయింది. వ్యాకరణానికి రాయల్టీ రాదు కాబట్టి అది మాట్లాడలేదు.

మన ఛందస్సు చదివినవాళ్లకి ఇందులో వింతేమీ ఉండదు. గణం చాలని చోట సంస్కృత కవులు చ, వై, తు, హి వేసి గట్టెక్కారు. వీళ్లు 'ఓ బేబీ', 'యా యా' వేస్తారు. యతి ప్రాసల బెడద లేకపోవడం అదనపు సుఖం.

ఇక గాత్రం. ఆండీ హిల్డెబ్రాండ్ అనే ఇంజినీరు చమురు కంపెనీల కోసం పనిచేసేవాడు. నేలలోకి తరంగాలు పంపి, తిరిగొచ్చిన వాటిని లెక్కగట్టి, చమురు ఎక్కడుందో చెప్పే విద్య ఆయనది. ఒకసారి భోజనాల దగ్గర ఒకావిడ, నేను కూడా శ్రుతిలో పాడేలా ఏదైనా పెట్టె చేసిపెట్టకూడదా అని నవ్వులాటకి అంది. 1997లో ఆటో-ట్యూన్ వచ్చింది. అదే తరహా గణితం, ఈసారి తవ్వింది గొంతుని. పాడేవాడి స్వరం ఎక్కడుందో పట్టుకుని, దగ్గర్లో ఉన్న సరైన స్వరం దగ్గరికి లాక్కెళ్లి కూర్చోబెడుతుంది. మరుసటి ఏడాదే షెర్ పాడిన 'బిలీవ్'లో దాని మీటని చివరిదాకా తిప్పి, గొంతుని లోహంలా మోగించారు. ఎలా చేశారండీ అని ఒక పత్రిక అడిగితే నిర్మాతలు వేరే యంత్రం పేరు చెప్పారు. పాటలో అందరికీ వినిపించిన రహస్యాన్ని ఇంటర్వ్యూలో దాచారన్నమాట.

పల్లవి కోసం ఎదురుచూసే ఓపిక శ్రోతకి లేదు. స్పాటిఫైలో 30 సెకన్లు విన్నాకే ఆ పాటని విన్నట్టు లెక్క. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకుడొకాయన హిట్ పాటలు కొలిచి చూస్తే, 1980ల నడుమ 20 సెకన్లు దాటి ఉన్న ముందు సంగీతం 2015 నాటికి 5 సెకన్లకి కుంగిపోయింది. వీణ శ్రుతి చేసుకునేలోపు వీళ్ల పాట అయిపోతుంది.

ఇదంతా విడుదలకు ముందు సంగతి. రచనలో అసలు భాగం విడుదలయ్యాక మొదలవుతుంది, అది లాయర్లు రాస్తారు. 2013లో 'బ్లర్డ్ లైన్స్' అనే పాట ఊపేసింది. అది 1977 నాటి మా నాన్న పాటలా ఉందని గాయకుడు మార్విన్ గే పిల్లలు అన్నారు. 2015లో లాస్ ఏంజలెస్ జ్యూరీ దాదాపు 74 లక్షల డాలర్లు కట్టమంది. తర్వాత అది 53 లక్షలకి తగ్గింది గానీ, ఆపై వచ్చే రాబడిలో సగం కూడా ఇవ్వాల్సిందే. ఇక్కడ ఎత్తింది బాణీని కాదు, వాతావరణాన్ని కదా, వాతావరణానికి కూడా పట్టా ఉంటుందా అని వందల మంది సంగీతకారులు గోలపెట్టారు. ఉంటుందని తేలింది.

అక్కణ్నుంచి పరిశ్రమకి భయభక్తులు అలవడ్డాయి. 2017లో టేలర్ స్విఫ్ట్ ఒక పాటకి రైట్ సెడ్ ఫ్రెడ్ అనే పాత బృందం పేరు ముందే వేసి విడుదల చేసింది. అదే ఏడాది ఎడ్ షీరన్ 'షేప్ ఆఫ్ యూ'లోకి టీఎల్‌సీ పాట రాసినవాళ్లు వచ్చి చేరారు. 2021లో ఒలీవియా రోడ్రిగో పాటలోకి పారమోర్ బృందం వాళ్లు. శ్రోత చెవేమో ఎప్పుడో విన్నట్టున్న పాటనే కోరుతుంది, కోర్టేమో ఎప్పుడో విన్నట్టుంటే జరిమానా వేస్తుంది. ఈ రెంటి మధ్య మిగిలిన జానెడు సందులో మిలియన్లు సంపాదించాలి. ఈ పని చేసేవాళ్లని ప్రతిభ లేనివాళ్లనడం అన్యాయం. నాకైతే వాళ్ల పాటల కంటే వాళ్ల ధైర్యమే నచ్చుతుంది.

మనవాళ్లూ వెనకబడలేదు. పాట రాసినవాళ్లకి, స్వరపరిచినవాళ్లకి రాయల్టీలో వాటా ఇవ్వాల్సిందేనని 2012లో మన కాపీరైట్ చట్టాన్ని సవరించారు. ఎంతో కాలంగా రావలసిన న్యాయం అది. ఆ తర్వాత 2017లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు 50 ఏళ్ల పాటల పండగకని అమెరికాలో కచేరీలు చేస్తుంటే, నా పాటలు అనుమతి లేకుండా పాడొద్దని ఇళయరాజా గారి తరఫున నోటీసు వెళ్లింది. చట్టం చదివితే ఇళయరాజా ఒప్పు. పాట వింటే ఎవరిది ఒప్పో చెప్పడం కష్టం. బాలు గారు ఆ పాటలు పక్కనపెట్టి మిగతావి పాడారు.

ఎడ్ షీరన్‌కి ఆ వెసులుబాటు కూడా దొరకలేదు. మార్విన్ గే పాడిన పాటనే ఎత్తాడన్న కేసులో 2023లో న్యూయార్క్ కోర్టుకి గిటార్‌తో వచ్చాడు. బోనులో కూర్చుని, ఈ కార్డులు వందల పాటల్లో ఉన్నాయి చూడండని వాయించి పాడి చూపించాడు. ఓడిపోతే సంగీతమే మానేస్తానన్నాడు. జ్యూరీ ఆయన వైపే తీర్పు చెప్పింది. అంతకు ముందు ఏడాది లండన్‌లో ఇలాంటిదే ఇంకో కేసు గెలిచినప్పుడు, ఇప్పుడు పాట రాయడానికి కూర్చున్న ప్రతిసారీ మొత్తం వీడియో తీయించి పెట్టుకుంటున్నానని చెప్పాడు. ఏ స్వరం ఏ నిమిషంలో తట్టిందో రేపు జడ్జిగారికి చూపించొచ్చు. మంచి జాగ్రత్తే. ఆ వీడియోలకి బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ మాత్రం వేయకుండా ఉంటే చాలు.