‘బండి కొంత నూనె’ పద్యానికి టీకా తాత్పర్యాలు

అవతారిక

కడప జిల్లాకు టీకలు కొత్త కావు. బ్రౌన్ దొర కడపలో బంగళా కొని, పండితులను పోషించి, చెదలు తిన్న గ్రంథాలను పరిష్కరింపజేశాడు. జూలూరి అప్పయ్య చేత మనుచరిత్రకూ వసుచరిత్రకూ వ్యాఖ్యానాలు రాయించాడు. ప్రొద్దుటూరు సంగతి ఇక చెప్పేదేముంది? రాజశేఖర వేంకటశేష కవులు అవధానాలు చేసిన ఊరు, పుట్టపర్తి నారాయణాచార్యులవారు శివతాండవం రాసిన ఊరు. అక్కడ బంగారాన్ని ఎంత నిక్కచ్చిగా తూస్తారో పద్యాన్నీ అంతే నిక్కచ్చిగా తూస్తారు. అలాంటి చోట ఒక ఆటవెలది వ్యాఖ్యాత లేక అనాథగా తిరుగుతోంది. కర్త ఎవరో తెలియదు. వ్యాఖ్యాతే రాసుకుని కర్త తెలియదంటున్నాడని గిట్టనివాళ్లు అంటారు. మల్లినాథసూరికి కూడా గిట్టనివాళ్లు ఉండే ఉంటారు.

సందర్భం: పులివెందుల చీనీతోట రైతొకాయన పాత బండి కొందామని ప్రొద్దుటూరు వచ్చాడు. మధ్యవర్తి ఒక తెల్ల బండి బానెట్ మీద చెయ్యేసి, “ఇది హైబ్రిడ్డన్నా” అన్నాడు. “హైబ్రిడ్డంటే జొన్నలు గదప్పా?” అని రైతు. కాదు, కొంత డీజిల్‌తో కొంత కరెంటుతో నడుస్తుందని మధ్యవర్తి వివరించాడు. అప్పుడు రైతు నోట వెలువడిన పద్యమిది.

మూలం

బండి కొంత నూనె బ్యాటరి కొంతగా
నడచునంట, యెంత నమ్మవచ్చు?
ఆగినపుడు గుండె యాగును, తొక్కితే
లేచు మరల; దీని లీల యేమి?

ప్రతిపదార్థం

బండి = నాలుగు చక్రాలది, ఇంటిల్లిపాదీ పట్టేది. ఏ బండి అని ప్రశ్న. కొందరు దీన్ని స్టేషన్ వ్యాగన్‌కు అన్వయించారు. ఆడి ఏ6 అవాంట్, మెర్సిడెస్ ఇ-క్లాస్ ఎస్టేట్, వోల్వో వీ90 ఆ జాతివి: ఎత్తు కారంతే, కప్పు మాత్రం తోక దాకా సాగి ఉంటుంది, దానికింద సామాను గది. డీజిల్, బ్యాటరీ రెండూ ఉన్నవి ఆ జాతిలో ఐరోపాలో ఉన్నాయి కాబట్టి లక్షణం సరిపోతుందని వారి వాదం.

అది పొసగదు. ఆ జాతి డీజిల్ బండ్లు మన దేశానికి రాకపోలేదు. 2017లో వోల్వో వీ90 క్రాస్ కంట్రీ 60 లక్షలకు, 2018లో మెర్సిడెస్ ఇ-క్లాస్ ఆల్-టెరైన్ 75 లక్షలకు వచ్చాయి. రెండింట్లోనూ నూనె ఉంది, పద్యం చెప్పే బ్యాటరీ పాలు లేదు. 1992 నాటి టాటా ఎస్టేట్‌లోనూ, 2004 నాటి ఇండిగో మెరీనాలోనూ లేదు. పైగా చీనీతోట ఎంత కాసినా 75 లక్షలు కాయదు. అన్నిటినీ తోసేయగా మిగిలింది మారుతి ఎర్టిగా డీజిల్, ఎస్‌హెచ్‌వీఎస్ అనే హైబ్రిడ్ బిరుదున్నది, 2015 అక్టోబరులో వచ్చినది. వ్యాగన్ కంటే కాస్త ఎత్తు, ఏడుగురికి చోటు. శుద్ధ వ్యాగన్ కాదు గాని దాయాది.

ఇక్కడ వ్యాఖ్యాత సొంతమాట ఒకటి. మనవాళ్లకు వ్యాగన్‌ని చూస్తే ఆంబులెన్సు గుర్తొస్తుంది, అందుకే కొనలేదు. జీపులా ఎత్తుగా కూర్చుంటే గాని పెద్దరికం అనిపించదు. నిజానికి నేలకు దగ్గరగా ఉన్న బండి మలుపులో తక్కువ ఒరుగుతుంది, గాలిని తక్కువ చీలుస్తుంది, డీజిల్ తక్కువ తాగుతుంది. ఈ మాట పులివెందులలో స్కార్పియో దిగుతున్న మనిషితో చెప్పి ప్రయోజనం లేదు. 2016లో ఆ స్కార్పియోకూ ఇంటెల్లి-హైబ్రిడ్ అని ఇలాంటి తోకే ఒకటి తగిలించారు.

జమ్మలమడుగు ప్రతిలో “బండ కొంత నూనె” అని ఉంది. నాపరాళ్ల గనుల పక్కన కూర్చున్న లేఖకుడి చేతివాటం. గ్రాహ్యం కాదు.

నూనె = డీజిల్. ‘నూనె అంటే శెనక్కాయల నూనె కదా, డీజిల్ ఎట్లా అవుతుంది’ అంటారా? అవుతుంది. 1900లో ప్యారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజన్‌ను శెనక్కాయల నూనెతోనే నడిపారు. చూసినవాళ్లలో చాలామందికి తేడా తెలియలేదని రుడాల్ఫ్ డీజిలే తర్వాత చెప్పుకున్నాడు. ఆయన ఇంజన్‌కు నిప్పురవ్వ అక్కర్లేదు. గాలిని పదిహేడు పద్దెనిమిదింతలు నొక్కితే అదే కాగి, పడిన నూనెను అంటిస్తుంది. ఏ నూనె అన్నది తర్వాతి సంగతి. కరెంటు రాకముందు బావుల మీద హ్యాండిల్ తిప్పి ఆయిలింజన్ లేపిన రైతుకు ఈ భాగానికి టీక అక్కర్లేదు.

ఎర్టిగాలోని నూనె ఇంజన్ 1,248 సీసీలది. ఫియట్ వాళ్ల మల్టీజెట్, మారుతి లైసెన్సు మీద చేసింది. 90 గుర్రాల బలం. స్విఫ్ట్, ఇండికా విస్టా, పుంటో అన్నిట్లోనూ ఇదే గుండె కొట్టుకుంది. రెండువేల చుట్లు దాటిన తర్వాత ఉరుకుతుంది, అంతకు ముందు టర్బో ఇంకా ఆవలిస్తూ ఉంటుంది.

‘నూనె’ తర్వాత ‘బ్యాటరి’ సంయుక్తాక్షరంతో మొదలైంది కదా, ‘నె’ గురువై గణం చెడదా అని ప్రొద్దుటూరులో ఒకరు తప్పక అడుగుతారు. చెడదు. నూనె అచ్చతెనుగు, బ్యాటరి అన్యదేశ్యం, రెండింటికీ సమాసం కుదరలేదు.

బ్యాటరి = ఇక్కడ లక్షణ చేత, బ్యాటరీతో పాటు దానికి తగిలించిన యంత్రం కూడా. మామూలు బండిలో ఇంజన్‌ను లేపడానికి స్టార్టర్ ఒకటి, లేచాక బ్యాటరీని నింపడానికి ఆల్టర్నేటర్ ఒకటి. ఈ బండిలో ఒకే మోటారు, ఐఎస్‌జీ అనేది, బెల్టు ద్వారా ఇంజన్‌కు కట్టుబడి రెండు పనులూ చేస్తుంది. బ్రేకు తొక్కినప్పుడు కరెంటు పోగేసుకుంటుంది, కదిలేటప్పుడు ఆ కరెంటుతో ఇంజన్‌కు చేయందిస్తుంది. దాని బ్యాటరీ సీసపుదే, మామూలు దానికంటే పెద్దది.

కొంతగా = పద్యానికి ప్రాణం ఈ పదంలో ఉంది. కవి రెండుసార్లు వాడాడు, కాని రెండు ‘కొంత’లూ సమానం కావు. మొదటి కొంత దాదాపు అంతా. రెండో కొంత ఎంతో లెక్క కట్టి చూద్దాం. మనుషులతో కలిపి 1,700 కిలోల బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతోంది. దాని గతిశక్తి సుమారు 236 కిలోజౌళ్లు. లీటరు డీజిల్‌లో 36 మెగాజౌళ్లదాకా ఉంటాయి, అందులో మూడోవంతు చక్రాలకు చేరితే గొప్ప. ఆ ప్రకారం, బ్రేకు వేసినప్పుడు పోయే శక్తినంతా చుక్క కారకుండా పట్టుకున్నా మిగిలేది 20 మిల్లీలీటర్ల డీజిల్.

అంతా పట్టుకునేదెవరు? బెల్టు మోటారు రెండు కిలోవాట్లదనుకుందాం, బ్రేకు ఎనిమిది సెకన్లనుకుందాం. దొరికేది 16 కిలోజౌళ్లు. అంటే ఒకటిన్నర మిల్లీలీటరు కూడా లేదు. ఉద్ధరిణె నిండదు.

ఐరోపా వ్యాగన్లవాళ్లు ఇందుకే 48 వోల్టులకు పోయారు. 12 వోల్టుల మీద 12 కిలోవాట్లు లాగాలంటే 1,000 ఆంపియర్లు పారాలి, ఆ తీగ మణికట్టంత అవుతుంది. 48 వోల్టులైతే 250 చాలు. పైగా 60 వోల్టుల లోపల ఉంటే షాకు భయానికి వేసే కట్టుదిట్టాల ఖర్చు తప్పుతుంది. 2018లో వచ్చిన ఏ6లో ఆరు సిలిండర్ల డీజిల్ 48 వోల్టుల వ్యవస్థతో 12 కిలోవాట్ల దాకా వెనక్కి తీసుకుంటుంది, గంటకు 55 నుంచి 160 కిలోమీటర్ల వేగాల మధ్య కాలు తీస్తే ఇంజన్‌ను ఆపేసి జారుతూ పోతుంది. ఇప్పటి మెర్సిడెస్ ఇ220డీలో గేర్‌బాక్సులోనే ఇమిడిన మోటారు 17 కిలోవాట్లది. అయినా వీటిని మైల్డ్ హైబ్రిడ్‌లనే అంటారు. వ్యాకరణంలో ‘ప్ర’, ‘పరా’ వంటి ఉపసర్గలుంటాయి. ధాతువు పక్కన నిలిస్తే దాని బలం పెంచుతాయి, ఒంటరిగా వాటికి క్రియ లేదు. ఈ బ్యాటరీ కూడా ఉపసర్గే. డీజిల్ అయిపోయిన రోజున తనంతట తాను బండిని పెట్రోలు బంకు దాకా తీసుకుపోలేదు.

నడచునంట = నడుస్తుందని వినికిడి. ‘అంట’ అనడంలో కవి జాగ్రత్త గమనించాలి. కంపెనీ చెప్పిన మైలేజీ లీటరుకు 24.52 కిలోమీటర్లు, హైబ్రిడ్ కాని పాతదానికి 20.77. ఇవి ప్రయోగశాలలో రోలర్ల మీద, ఏసీ ఆపి కొలిచినవి. మే నెలలో ప్రొద్దుటూరులో ఏసీ ఆపి బండి నడిపేవాడు యోగి అయినా కావాలి, బాకీలున్నవాడైనా కావాలి.

యెంత నమ్మవచ్చు = దీనికి సర్కారు చెప్పిన జవాబులు రెండు. 2015 ఏప్రిల్‌లో వచ్చిన ఫేమ్ పథకం డీజిల్ మైల్డ్ హైబ్రిడ్‌ను నమ్మి 13,000 రూపాయలు రాయితీ ఇచ్చింది. 2017 ఏప్రిల్ 1 నుంచి నమ్మకం పోయి రాయితీ తీసేసింది. అదే ఏడాది జులైలో జీఎస్టీ వచ్చి, చిన్నవాటిని వదిలి హైబ్రిడ్ కార్ల మీద 28 శాతం పన్ను, 15 శాతం సెస్సు వేసింది. యంత్రం రెండేళ్లలో మారలేదు, పుణ్యం మాత్రం పాపమైంది. నా ఉద్దేశంలో రెండో జవాబే నిజానికి కొంచెం దగ్గర. ఈ సాయానికి హైబ్రిడ్ అన్న పేరే ఎక్కువ, ఇక రాయితీ ఎందుకు? 2019లో మారుతి ఇదే ఎర్టిగాలో తన సొంత 1.5 లీటర్ల డీజిల్ ఇంజన్ పెట్టింది. హైబ్రిడ్ లేదు, బలం ఎక్కువ, మైలేజీ 24.20.

ఆగినపుడు = సిగ్నల్ దగ్గర, రైలు గేటు దగ్గర. పులివెందుల, ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల మధ్య ఆగేదెక్కడ? పులివెందుల వదిలాక చీనీతోటలు, అరటితోటలు తప్ప ఆపేవాళ్లు లేరు. అక్కడ ఈ యంత్రానికి పనీ లేదు. దీని ప్రతాపం ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల సందుల్లో, ఎర్రగుంట్ల వైపు సిమెంటు లారీల వెనకాల, దసరా ఊరేగింపు అడ్డమొచ్చినప్పుడు.

గుండె యాగును = గేరు న్యూట్రల్ చేసి క్లచ్చు వదిలితే ఇంజన్ దానంతటదే ఆగిపోతుంది. డీజిల్ ఆదా. అయితే ఏసీ కంప్రెసరు తిరిగేది ఇంజన్ బలంతోనే. గుండె ఆగితే అదీ ఆగుతుంది, ఫ్యాను మాత్రం తిరుగుతూ వేడిగాలి విసురుతుంది. రెండు నిమిషాల్లో వెనక సీట్లోంచి పెద్దమ్మ, “ఏం నాయినా, బండి చెడిపాయనా?” అంటుంది. ఈ ఆగుడును ఆపడానికి కంపెనీ ఒక మీట పెట్టింది. కడప జిల్లాలో వేసవిలో ఎక్కువగా అరిగేది అదే.

తొక్కితే = యాక్సిలరేటర్‌ను అని కొందరు. తప్పు. క్లచ్చును తొక్కితే.

లేచు మరల = ఇంజన్ మళ్లీ మేలుకొనును. ‘సినిమాలో సుమోలు లేచినట్టు బండి గాల్లోకి లేచును’ అని కోస్తా వ్యాఖ్యాతలు రాశారు. రాయలసీమ పద్యం అనగానే వాళ్లకు కలిగే భ్రాంతి అది. ఇక్కడ లేచేది మోటారు బలంతో, దడదడ లేకుండా. ఈ పదంలోనే ఇంకో అర్థం కూడా ధ్వనిస్తుంది. జమ్మలమడుగు నుంచి ముద్దనూరు ఘాటెక్కేటప్పుడు, లారీ వెనక నెమ్మదించి మళ్లీ కదిలే క్షణంలో, టర్బో మేలుకునే లోపు మోటారు ఒక చిన్న తోపు తోస్తుంది. క్షణమే. కాని ఆ క్షణం బాగుంటుంది. ఈ యంత్రంలో నాకు మనసారా నచ్చిన గుణం అదొక్కటే, అది ఏ మైలేజీ లెక్కలోనూ కనబడదు.

దీని లీల యేమి = స్పష్టం.

తాత్పర్యం

బండి డీజిల్‌తోనే నడుస్తుంది, బ్యాటరీ సాయం చేస్తుంది, సాయం ఎంతో కొనేవాడు అడగాలి అని.

అలంకారం

మధ్యవర్తి మాటలో అతిశయోక్తి, రైతు మాటలో సందేహం. గుండె అనడం రూపకం. “లీటరుకెంతిస్తాది?” అని అడగకుండానే అడగడం వ్యంగ్యం.

పాఠాంతరం

నాలుగో పాదం “లేవదింక, దీని లీల యేమి” అని కొన్ని ప్రతుల్లో కనిపిస్తుంది. ఇవన్నీ పాత బండ్ల బజారు ప్రతులే. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 అనే పొగ నిబంధన వచ్చింది, మారుతి డీజిల్ మానేసింది, కాబట్టి ఈ జాతి బండ్లు ఇప్పుడు దొరికేది ఆ బజారులోనే. మాటిమాటికీ ఇంజన్ లేపి లేపి బ్యాటరీ డస్సిపోతుంది. ముందు ఆగుడే మానేస్తుంది, ఆపైన లేవడం మానేస్తుంది. కొనేవాడు బ్యాటరీ ఎన్నాళ్లదో, బెల్టు పగుళ్లు వేసిందో లేదో చూసుకోవాలి. మామూలు బ్యాటరీ ధరకు ఈ పెద్దది రాదని ముందే తెలిసి ఉండాలి. ఈ పాఠంలో గణాలు సరిగ్గా ఉన్నాయి, ‘లే’కు ‘లీ’తో యతి చెల్లింది. ప్రక్షిప్తమని తోసేయడానికి ఛందస్సులో ఆధారమేదీ దొరకలేదు, బండి స్టార్టయితే తప్ప.