మూడే మూడు వస్తువులట!

"మూడే మూడు వస్తువులు, రెండే రెండు నిమిషాలు" అనే మాట వారం రోజులుగా నా చెవిదగ్గర దోమలా తిరుగుతోంది. గిమ్లెట్ అనే జిన్ కాక్‌టెయిల్‌ను ఇంట్లో కలుపుకోవడం నేర్పే ప్రతి పెద్దమనిషీ దీంతోనే మొదలుపెడతాడు. జిన్, లైమ్ కార్డియల్ (పంచదారతో నిలవచేసిన నిమ్మరసం), ఐసు. అంతే. తర్వాత మెల్లగా కొలతగిన్నె వస్తుంది, మూత బిగుసుకున్న షేకరు వస్తుంది, వడగట్టే జల్లెడ, ముందే చల్లబరిచిన కాడ గ్లాసు, మసక లేని అద్దంలాంటి ఐసుగడ్డ వస్తాయి. ఇవి వస్తువుల లెక్కలోకి రావు కాబోలు, పెళ్లికొచ్చిన చుట్టాలు. పులిహోరకు అన్నం, చింతపండు ఉంటే చాలమ్మా అని కొత్తకోడలికి చెప్పి, ఇంగువ దగ్గర నిలదీసే అత్తగారి లెక్క ఇది. సామాన్ల సంగతి వదిలేద్దాం. కొలతగిన్నె లేనివాడికి దగ్గుమందు మూత ఉంది, దానిమీద గీతలు కూడా ఉన్నాయి. 'వైన్స్' అని బోర్డు పెట్టి వైన్ తప్ప అన్నీ అమ్మే కొట్లో వెతికితే జిన్ కూడా దొరుకుతుంది. నా తగాదా అంతా ఆ రెండో వస్తువుతో. పెరట్లో నిమ్మచెట్టు ఉన్నవాణ్ణి నిమ్మరసం సీసా కోసం ఊరంతా తిరగమనడం, అదీ 'అసలు రుచి' పేరు చెప్పి, ఏం న్యాయం?

ఆ సీసా ఎందుకు పుట్టిందో చూడండి. 1867లో స్కాట్లండ్‌లోని లీత్ రేవులో లాక్లన్ రోజ్ అనే వ్యాపారి, నిమ్మరసాన్ని సారాతో పనిలేకుండా పంచదారతో నిలవచేసే పద్ధతికి పేటెంటు పుచ్చుకున్నాడు. చిగుళ్లు కుళ్లబెట్టే స్కర్వీ జబ్బు రాకుండా బ్రిటిష్ వర్తక నౌకల్లో నావికులకు నిమ్మరసం ఇచ్చితీరాలని చట్టం వచ్చిందీ ఆ ఏడాదే. నెలల తరబడి నీళ్లమీద ఉండేవాడికి పండు దొరకదు, కాబట్టి సీసా. ఊళ్లో లేని మనిషికి గోడమీద ఫొటో ఎలాగో, పండు లేనిచోట కార్డియల్ అలాగ. మనిషి ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉండగా ఫొటోకి దండం పెట్టమంటున్నారు, అదీ ఇబ్బంది. ఇక లండన్ సవాయ్ హోటల్లో పనిచేసిన హ్యారీ క్రాడక్ 1930లో అచ్చువేసిన పుస్తకం తిరగేస్తే, గిమ్లెట్ అంటే సగం జిన్, సగం రోజ్‌గారి కార్డియల్, కలిపి అదే గ్లాసులో ఇచ్చేయడం, కావాలంటే ఐసు. కావాలంటే! అద్దంలాంటి గడ్డ లేకపోతే పాపం చుట్టుకుంటుందని ఆయన అనలేదు. 1953లో రేమండ్ చాండ్లర్ తన నవలలో ఒక పాత్ర చేత ఆ రెండు సగాలకు మించి ఏదీ కలపకూడదని చెప్పించాక అది శాసనమై కూర్చుంది. నవలలో తాగుబోతు అన్న మాటను శాస్త్రం చేసుకున్నారని నవ్వడానికి మనకు నోరు లేదనుకోండి, సినిమా డైలాగులతో ఓట్లడిగే వాళ్లం.

ఇంతకీ ఆ సీసాలో ఉన్నది ఏ నిమ్మ? ఇంగ్లీషువాడికి లైమ్ వేరు, లెమన్ వేరు. మనకు నిమ్మ ఒక్కటే, అది వాడి లైమ్. పచ్చగా కోసి గంపలో పెడితే పసుపుపచ్చగా పండుతుంది కాబట్టి, బడిలో ఎల్ ఫర్ లెమన్ బొమ్మ చూసిన మనం ఇదే లెమన్ అనుకున్నాం. ఆ లెక్కన హోటల్లో తినే లెమన్ రైసు లైమ్ రైసు, బస్టాండులో తాగేది లైమ్ సోడా. గుమ్మానికి మిరపకాయలతో కలిసి వేలాడేదీ, కొత్త కారు చక్రం కింద చితికేదీ లైమే. ఇన్నేళ్లుగా దిష్టి మాత్రం ఈ తేడా పట్టించుకున్నట్టు లేదు. గూడూరు నిమ్మ మార్కెట్లో లారీకెత్తే బస్తాలన్నీ లైములే, తెనాలి మార్కెట్లోనూ అవే. బాలాజీ అనే రకం కూడా ఉంది, ఆ పేరు తెలిశాక దాన్ని జిన్నులో పిండడానికి చేతులు రావాలి గదా. దబ్బ, నారింజ, బత్తాయి, పంపరపనస, మాదీఫలం అంటూ పులుపు వంశంలో మేనత్తలకూ మేనమామలకూ విడివిడిగా పేర్లు పెట్టుకున్న భాష, లెమన్‌కు ఒక పేరు పెట్టలేదంటే ఆవిడ మన పెళ్లిళ్లకు ఎప్పుడూ రాలేదని అర్థం. పోనీ, రెండు పేర్లున్న ఇంగ్లీషువాడైనా తేడా తెలుసుకున్నాడా? మధ్యధరా లెమన్ల స్థానంలో వెస్టిండీస్ లైములు తెచ్చి నౌకల్లో పోశాడు, పులుపు పులుపే గదా అని. స్కర్వీని ఆపే శక్తి వాటిలో నాలుగోవంతే ఉందని చాలాకాలం తర్వాత తేలింది. 1875లో ఉత్తర ధ్రువం వైపు బయల్దేరిన నేర్స్ అనే నావికుడి బృందం, నౌకల్లో లైమ్ రసం ఉండగానే, స్కర్వీతో మంచాన పడింది. ఒక్కమాటతో సరిపెట్టుకున్న మనం కనీసం ఎవరినీ మంచాన పడేయలేదు.

సరే, కార్డియల్ దగ్గరికి వద్దాం. దాని తరఫు వకీళ్ల దగ్గర ఒక గట్టి వాదన ఉంది: పచ్చిరసం రుచి వేరు, నిలవరసం రుచి వేరు, మామిడిముక్కకు ఉప్పూకారం అద్దుకుంటే ఆవకాయ అయిపోతుందా? కాదు, ఒప్పుకుంటాను. ఊరిన రుచి గురించి తెలుగువాడితో వాదించి గెలవడం తేలిక. అయితే జాడీ మనింట్లోనే పెట్టుకోవచ్చు గదా అంటే, దానికీ ఒక విధానం చెబుతారు. తొక్కమీద పచ్చటి పొర మాత్రమే గీకాలి, తెల్లది తగిలితే చేదు. పంచదారలో రాత్రంతా ఉంచాలి. పొద్దున్న రసం పోసి, చివర కాస్త సిట్రిక్ యాసిడ్ వెయ్యాలి. కిరాణా కొట్లో దాని పేరు నిమ్మ ఉప్పు. నిమ్మరసంలో నిమ్మ చాలలేదని నిమ్మ ఉప్పు! రెండు నిమిషాలు ఈపాటికి పన్నెండు గంటలయ్యాయి. దీనికంటే 60 మిల్లీలీటర్ల జిన్‌లో 20 నిమ్మరసం, 20 పంచదార పాకం పోసి, మూత గట్టిగా ఉన్న ఖాళీ పచ్చడి సీసాలో ఐసుతో ఆడిస్తే (ముందు సీసాకు ఆవపిండి వాసన పోవాలి) పని అయిపోతుంది. ఆడించినప్పుడు కరిగిన ఐసు నీళ్లే గ్లాసులో పావువంతు దాకా చేరతాయి. మూడు వస్తువుల పట్టీలో ఆ నాలుగోదాన్ని ఎవరూ రాయరు, పాలవాడు మాత్రం ఒప్పుకుంటాడా? అసలు తాగకపోతే ఏం పోయిందని ఇంట్లో పెద్దవాళ్లు అడుగుతారు. ఏమీ పోలేదు. జిన్ తీసేస్తే మిగిలేది షర్బత్, దానికి ఏ నవలలోని పాత్ర అనుమతీ అక్కర్లేదు.

నవ్వాను గానీ, ఈ నిమ్మకాయ వెనక కథ నవ్వేది కాదు. 1747 మే నెలలో సాల్స్‌బరీ అనే యుద్ధనౌకలో జేమ్స్ లిండ్ అనే వైద్యుడు స్కర్వీ పట్టిన పన్నెండుమందిని ఇద్దరిద్దరుగా విడదీశాడు. ఒక జతకు వెనిగర్, ఒక జతకు సముద్రపు నీళ్లు, ఒక జతకు వెల్లుల్లీ ఆవాలూ కలిపి నూరిన ముద్ద (మామిడికాయ ఒక్కటే తక్కువ), ఇలా ఆరు రకాలు. ఒక జతకు రోజూ రెండు నారింజలు, ఒక లెమన్. ఆ ఇద్దరే కోలుకున్నారు. లిండ్ 1753లో పుస్తకం రాశాడు. నౌకాదళంలో అందరికీ నిమ్మరసం ఇవ్వాలన్న ఉత్తర్వు 1795లో వచ్చింది. లిండ్ అంతకు ముందు ఏడాదే పోయాడు. మధ్యలో ఎన్ని నౌకలు బయల్దేరాయో, ఎంతమంది చిగుళ్లు కుళ్లి పోయారో. పండు అప్పటికీ ఉంది, పుస్తకమూ ఉంది. లిండ్ నౌకలో పళ్లు ఆరు రోజులకే అయిపోయాయి. ఆ ఇద్దరిలో ఒకడు డ్యూటీలో చేరిపోయాడు. రెండోవాణ్ణి, కాస్త లేచి తిరుగుతున్నాడు గనుక, మిగతా రోగులకు సేవచేయడానికి పెట్టారు.