ఓడిన ఆట ఎవడిక్కావాలి?

భిలాయిలోని రిసాలి క్వార్టర్లలో చదరంగం నేర్చుకోని మనిషి ఇప్పుడు లేడు. ఆడేవాడే దొరకడు. మొదటి షిఫ్టు దిగి, అన్నం తిని, మంచమెక్కి ఫోను తెరిచిన మావయ్యని పలకరించి చూడండి: "సిసిలియన్ నైడార్ఫ్ ఓపెనింగు పదిహేను ఎత్తుల దాకా వచ్చేసిందిరా!" పదహారో ఎత్తు సంగతి అడక్కండి, వీడియో అక్కడితో అయిపోయింది. చిక్కల్లా ఎదుటివాడితోనే. వాడు ఆ వీడియో చూడలేదు, మూడో ఎత్తుకే దారి తప్పాడు. మావయ్య దృష్టిలో అది ఆట కాదు, పెంపకం లోపం.

సాధన లేదనుకునేరు, బోలెడుంది. నిమిషంలో తేలిపోయే ఆటలు ఫోన్లో పొద్దుపోయేదాకా ఆడతారు. ఎదుటివాడికి టైము అయిపోతే మన ప్రతిభ, మనకి అయిపోతే నెట్‌వర్కు. ఆట ముగిశాక 'విశ్లేషణ' మీట నొక్కుతారు, బాణం గుర్తు వస్తుంది. "ఇక్కడ గుర్రాన్ని దూకించాలట." ఎందుకు? "కంప్యూటరు ప్లస్ 2.3 అంది." అంతకు మించి అడిగితే మనకి చదరంగం తెలియనట్టు.

ఇక పిల్లలు. చెస్ క్లాసులో వేస్తే లెక్కలు వాటంతటవే వస్తాయని, ఐఐటీ కోచింగుకి అదే మొదటి మెట్టని వీధి వీధంతా నమ్మకం. ఇంగ్లండులో వంద బడులు తీసుకుని ఈ ముచ్చట పరీక్షించారు. 2016లో తేలిందేమంటే, ఏడాది తర్వాత చూస్తే చెస్ నేర్చిన పిల్లల లెక్కల మార్కుల్లో తేడా ఏమీ లేదు. పాపం, వాళ్ళ పిల్లలకి మన ట్యూషన్లు లేవుగా! 1973లో ఛేజ్, సైమన్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంకో పని చేశారు. నిజమైన ఆటలోని బల్లని ఐదు సెకన్లు చూపిస్తే మాస్టరు కొత్తవాడికంటే ఎన్నో ఎక్కువ పావుల్ని మళ్ళీ పేర్చాడు. అవే పావుల్ని ఇష్టమొచ్చినట్టు చల్లి చూపిస్తే కొత్తవాడి స్థాయికి దిగిపోయాడు. అంటే మాస్టరుకి వచ్చింది చదరంగమే, సర్వరోగనివారిణి కాదు.

గుకేశ్ పేరెత్తితే మాత్రం "మనోడే!" అని ఛాతీ విరుస్తారు. తెలుగింటి కుర్రాడే, 2024లో పద్దెనిమిదేళ్ళకి ప్రపంచ చాంపియన్. రేటింగు 2500 దగ్గరికి వచ్చేదాకా కోచ్ విష్ణు ప్రసన్న అతన్ని చెస్ ఇంజను, అంటే ఆ బాణం గుర్తు చూపించే కంప్యూటర్ని, ముట్టుకోనివ్వలేదన్న ముక్క మాత్రం ఎవరి చెవికీ ఎక్కదు. కోనేరు హంపి 2002లో పదిహేనేళ్ళకి గ్రాండ్‌మాస్టరయింది. దానికోసం తండ్రి అశోక్ ఉద్యోగమే వదులుకున్నాడు. మనవాళ్ళు కోర్సు డిస్కౌంటు వదులుకోరు.

ఈ జబ్బుకి అసలు మందు ఈ ఊరికి ఎప్పుడో రావలసింది. 1955లో ఉక్కు కర్మాగారానికి సోవియట్లతో ఒప్పందం, 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు. అప్పుడు చదరంగంలో ప్రపంచ చాంపియన్ వాళ్ళ బోట్విన్నిక్, ఆయనా ఇంజనీరే. తన ఆటల్ని తనే విప్పి, తప్పులతో సహా అచ్చేసి, నలుగురినీ తప్పుపట్టమనడం ఆయన పద్ధతి. సోవియట్ల దగ్గర ఉక్కు నేర్చుకున్నాం, స్నేహానికి గుర్తుగా మైత్రీబాగ్ కట్టుకున్నాం, ఈ పద్ధతి మాత్రం వాళ్ళ సామాను పెట్టెల్లోనే తిరిగి పంపించేశాం.

టోర్నమెంటులో ఎత్తులు రాయడం నియమం కనక తప్పక రాస్తారు. గెలిస్తే ఆ కాగితం ఫొటో స్టేటస్‌లోకి ఎక్కుతుంది. ఓడితే మడత పడి, చొక్కా జేబులోంచే వాషింగ్ మెషీన్లోకి పోతుంది.