నాడి పట్టే తీరిక

ఒరేయ్ అబ్బాయిలూ, చేతి గడియారం మోగితే గానీ మీ గుండె సంగతి మీకు తెలీదు. మా రోజుల్లో రోగి వచ్చి కూర్చోగానే చెయ్యి పట్టుకునేవాళ్లం, నిండా ఒక నిమిషం. నాడి ఒక దెబ్బ గబగబా, ఒకటి ఆలస్యంగా, ఒకటి అసలు అందకుండా కొడుతుంటే గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని అక్కడికక్కడే అనుమానం తగిలేది. స్టెతస్కోపు పెట్టి ఒకరు గుండెనీ, ఇంకొకరు మణికట్టునీ లెక్కపెడితే గుండె 120, నాడి 90 అని తేలేది. ఇప్పుడా ఓపిక ఎవరికుంది?

ఈ జబ్బుకి రక్తం పలచబడే వార్ఫరిన్ మాత్ర రాస్తే, రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష 2కీ 3కీ మధ్య నిలవాలి. ఇంట్లో తోటకూర, పాలకూర జోరు పెరిగిందంటే అది పడిపోయేది. అందుకే వచ్చినప్పుడల్లా ఏం వండుకున్నారమ్మా అని అడిగేవాళ్లం. అదో మాట, అదో చుట్టరికం. కొత్త మాత్రలకి ఆ కూరల పేచీ లేదు. అది మేలే, కాదనను. కానీ మనిషి డాక్టరు ఎదుట కూర్చోవడమే తగ్గిపోయింది.

1998లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో హైసాగెర్ బృందం ఈ రోగం గుట్టు విప్పింది. ఊపిరితిత్తుల నుంచి ఎడమ కర్ణికలోకి వచ్చే సిరల్లో పుట్టే దొంగ కరెంటే చాలామందిలో లయ చెడగొడుతోందని చూపించింది. తొడ దగ్గర సిరలోంచి సన్నని గొట్టం పంపి, ఆ సిరల మొదళ్ల చుట్టూ కాల్చడమే అబ్లేషన్. దడ, ఆయాసం తగ్గుతాయి. మంచి వైద్యం.

నా కోపమల్లా మీ తొందర మీద. మా మేనల్లుడు అబ్లేషనై నెల తిరక్కుండానే, "అంత డబ్బు పోశాం, ఇంకా రక్తం పలచబడే మాత్రెందుకు మామయ్యా?" అన్నాడు. ఎందుకంటే, ఎడమ కర్ణికకి అంటుకుని చిన్న సంచి ఉంటుంది. లయ తప్పితే అందులో రక్తం నిలిచి గడ్డకడుతుంది, ఆ గడ్డ మెదడుకి పోతే పక్షవాతం. ఈ జబ్బున్నవాళ్లకి ఆ ముప్పు సుమారు 5 రెట్లు. అబ్లేషన్ తర్వాత కనీసం 2, 3 నెలలు మాత్ర తప్పదు. ఆపైన ఆపాలా వద్దా అన్నది వయసు, బీపీ, షుగరు, ఇదివరకు పక్షవాతం వచ్చిందా అన్నవి చూసి తేల్చాలి గానీ, దడ పోయిందని కాదు. లయ మళ్లీ తప్పినా కొందరికి తెలియనే తెలియదు. అబ్లేషన్ అయితే ఇక ముప్పు లేదనుకోకండి: 2019లో వచ్చిన కబానా అధ్యయనంలో, 2,200 మందిని చూశాక, మరణం, పెద్ద పక్షవాతం లాంటివన్నీ కలిపి లెక్కేస్తే మందులకీ అబ్లేషన్‌కీ గట్టి తేడా తేలలేదు.

ఇంత చెప్పినా మావాడు మొహం ముడుచుకున్నాడు. "మాత్ర ఆపమని మీ డాక్టరు చెప్పాడా, నువ్వే అనుకున్నావా?" అన్నాను. నీళ్లు నమిలాడు.